చుక్క తాగని బండి

"ఇవాళ కూడా ఒక్కరూ రాలేదు," అన్నాడు నాసర్.

పెరట్లో బండి ఆపి, తాళంచెవి వేళ్ల మధ్య తిప్పుతూ అక్కడే నిలబడిపోయాడు. వరసగా ఇది మూడో తెల్లవారుజాము. ఐన్ దర్దారా ఊరి చివర, రోజూ పదహారు మంది ఆడకూలీలు తలగుడ్డలు బిగించుకుని ఎదురుచూసే మలుపులో గంటసేపు కాచుకుని, బండి వెనక తొట్టి ఖాళీగానే తిరిగొచ్చాడు.

గోడవారన గొర్రెతోలు మీద కూర్చున్న తండ్రి అమోర్ టీ గ్లాసు కింద పెట్టాడు.

"హారన్ కొట్టావా?"

"కొట్టాను."

"గట్టిగా కొట్టావా?"

"నాన్నా, వాళ్లు రానిది వినపడక కాదు."

"రాకపోతే పోనీ. కింద మైదానంలో మిరపకాయ చెట్టు మీదే పండిపోతోంది. ఇంట్లో కూర్చుంటే పొయ్యి ఎలా వెలుగుతుంది? రెండ్రోజులు బిగదీసుకుంటారు, మూడో రోజు వాళ్లే వచ్చి ఎక్కుతారు."

"ఇవాళే మూడో రోజు మామయ్యా," అంది వసీలా.

మట్టిపొయ్యి లోపలి గోడకి రొట్టె చరుస్తూ అనేసింది. అన్నాక నాలిక కరుచుకుంది. మామగారు కోడలి వంక చూడలేదు. కొడుకు వంక చూశాడు, ఇదిగో నీ భార్య నోరు అన్నట్టు. నాసర్ బండి వంక చూశాడు. ఈ ఇంట్లో ఎవరూ ఎవరి మొహమూ చూడక ఐదు రోజులైంది.

బండి మాత్రం అందరినీ చూస్తోంది. ముందు బంపరు సొట్టపోయి, ఒక దీపం పగిలి, ముందు జాలీ నిండా నాగజెముడు ముళ్లు గుచ్చుకుని అలాగే ఉన్నాయి. పీకడానికి ఎవరికీ చేతులు రాలేదు.

"ఏం కొంప మునిగిందని?" ముసలాయన మళ్లీ ఎత్తుకున్నాడు. "ఒక్కదాని చెయ్యి విరిగింది. మిగతావాళ్లకి ముళ్లు గుచ్చుకున్నాయి. ప్రాణాలు పోయాయా? బ్రేకులు పోవడం మనిషి చేతిలో ఉందా? ముప్పయ్యేళ్లు తోలాను నేను. బ్రేకులకి చెప్పి పోయే అలవాటు లేదు."

నాసర్ ఏమీ అనలేదు. వసీలా కూడా ఏమీ అనలేదు. ఇంట్లో అసలు గొడవ ఆ అనకపోవడమే.

ఎందుకంటే పోయిన గురువారం ఆ బండిలో, ముందు సీట్లో, మొగుడి పక్కనే కూర్చుంది వసీలా. కింద పట్నంలో పన్ను పీకించుకోవడానికి బయల్దేరింది. కొండ మీద దర్గా తెల్లగుమ్మటం దాటగానే దిగుడు మొదలవుతుంది. అక్కణ్ణుంచి వాగు వంతెన దాకా తొమ్మిది కిలోమీటర్లు, మలుపు మీద మలుపు. గుమ్మటం దాటాడో లేదో, నాసర్ గేరు న్యూట్రల్‌లోకి నెట్టి తాళంచెవి వెనక్కి తిప్పేశాడు. ఇంజన్ ఆగిపోయింది. చిన్నపిల్లాడిలా ఆమెకి కన్ను కొట్టాడు.

"చూడు. ఇక్కణ్ణుంచి వంతెన దాకా చుక్క తాగదు."

వసీలాకి పన్ను సలుపుతోంది. ఊ అంది. మొదటి మలుపులో బ్రేకు పట్టింది. రెండో మలుపులోనూ పట్టింది. మూడో మలుపులో పెడల్ రాయిలా బిగుసుకుపోయింది. స్టీరింగు తిరగలేదు. నాసర్ రెండు కాళ్లూ పెడల్ మీద వేసి లేచి నిలబడ్డాడు. ఆ తర్వాత వసీలాకి గుర్తున్నది ఎదురుగా నాగజెముడు కంచె, వెనక తొట్టిలోంచి ఒకే గొంతుగా లేచిన కేక.

బ్రేకులు పోయాయన్నాడు నాసర్. పోలీసులకి అదే చెప్పాడు, ఆడవాళ్లకి అదే, తండ్రికి అదే. అందరూ నమ్మారు. బ్రేకులు పోయిన బండి కాబట్టే ఎక్కడం మానేశారు.

ఇక్కడ నాసర్ గురించి ఒక మాట చెప్పాలి, లేకపోతే మనం కూడా వాణ్ణి తేలిగ్గా తిట్టి ఊరుకుంటాం. ఆ కొండ ఊళ్లలో ఆడకూలీల్ని తోలే బళ్లలో వాడి బండిలాంటిది ఇంకోటి లేదు. పక్క ఊరి సల్లూహ్ ఒకే బండిలో ముప్పై ఐదు మందిని కుక్కుతాడు. కూర్చుంటే చోటు ఎక్కువ పడుతుందని తెల్లవారుతూనే తొట్టిలో నాలుగు బకెట్ల నీళ్లు కొడతాడు. తడి నేల మీద ఎవరు కూర్చుంటారు? అందరూ నిలబడే పోతారు. నాసర్ ఏనాడూ నీళ్లు కొట్టలేదు. పదహారుకి మించి ఎక్కించలేదు. పెద్దవాళ్లకి గడ్డి పరిచి కూర్చోబెట్టేవాడు.

అంత తక్కువ మందితో వాడికి ఎలా గిట్టుబాటవుతుందంటే, డీజిల్‌లో మిగిల్చేవాడు. ఆ ఇంట్లో డీజిల్ మిగల్చడం వంశగౌరవం. అమోర్ బండి డీజిల్ వాసన చూసి నడుస్తుందని టీకొట్లో చెప్పుకునేవాళ్లు. ముసలాయన ఆ మాట వినడానికే టీకొట్టుకి వెళ్లేవాడు. కొడుకు తండ్రిని మించాడు. టైర్లలో గాలి వేలుతో నొక్కి చూస్తేగాని బయల్దేరడు. అక్కర్లేని పాత పలుగొకటి తొట్టిలో ఉంటే తీసి పడేస్తాడు. యాక్సిలరేటర్ మీద కాలు గుడ్డు మీద పెట్టినట్టు పెడతాడు. ఇతరుల బళ్లు వంద కిలోమీటర్లకి పదకొండు లీటర్లు తాగితే వాడిది తొమ్మిదికి మించదు. అందులో సగం ఘనత ఆ దిగుడుదే అని వాడి నమ్మకం. నేర్పింది తండ్రి.

ముసలాయన చేతికర్ర అందుకుని టీకొట్టుకి వెళ్లాక, వసీలా చేతులకున్న పిండి దులుపుకుంది.

"పట్నం వెళ్దాం పద. లమీన్‌కి బ్రేకులు చూపిద్దాం."

"చూపించేదేముంది?"

"ఏమీ లేదు. అది నీకూ తెలుసు, నాకూ తెలుసు."

నాసర్ తల ఎత్తాడు. ఐదు రోజుల తర్వాత మొదటిసారి భార్య మొహంలోకి చూశాడు.

"నువ్వు చూశావా?"

"పక్కనే కూర్చున్నాను కదయ్యా. నాకు నొప్పి పంటికి, కళ్లకి కాదు."

"మరి పోలీసులు అడిగినప్పుడు..."

"నన్నెవరడిగారు? నిన్నడిగారు. నువ్వు చెప్పావు. నేను నోరు మూసుకున్నాను. ఐదు రోజుల్నుంచి మూసుకునే ఉన్నాను. నోట్లో ముద్ద పెట్టుకుంటే ఆ జన్నత్ కేకే వినిపిస్తోంది."

జన్నత్ అంటే చెయ్యి విరిగినామె. ఇద్దరు పిల్లల తల్లి. మోచేతి పైన రెండు చోట్ల విరిగింది. ఈ కోత కాలంలో ఇక ఆ చేతికి పని లేనట్టే.

"నేను కావాలని చేశానా వసీలా?" అన్నాడు నాసర్. "పన్నెండేళ్లుగా అలాగే దిగుతున్నాను. ఒక్కసారి, ఒక్కసారైనా ఏమైనా అయిందా?"

"ఒక్కసారి అయింది," అంది వసీలా. కోపంగా అనలేదు. అంతకంటే గట్టిగా అనడానికి ఆమెకి మనసొప్పలేదు. "పద. బండి తియ్యి."

*

లమీన్ మెకానిక్కు. పట్నంలో గొర్రెల సంత వెనకాల రేకుల షెడ్డు. నాసర్‌తో కలిసి బడికి వెళ్లినవాడు, అంటే ఇద్దరూ కలిసి బడి ఎగ్గొట్టినవాళ్లు. చక్రాలు విప్పి, బండి కింద దూరి, పావుగంటకి గ్రీజు చేతులతో బయటికొచ్చాడు.

"ఒరే నాసరూ, నీ బ్రేకులు నీకంటే ఆరోగ్యంగా ఉన్నాయిరా. దిగుడులో ఇంజన్ ఆపావు కదూ?"

వసీలా తల ఊపింది.

"అయ్యో చెల్లెమ్మా, నువ్వైనా చెప్పద్దా? ఇంజన్ తిరుగుతుంటేనే బ్రేకుకి బలం. ఆపేస్తే రెండు నొక్కులకి ఉంటుంది. మూడో నొక్కుకి నీ కాలి బలం తప్ప ఏమీ ఉండదు. స్టీరింగూ అంతే. వెనకాల పదహారు మంది బరువు పెట్టుకుని..." అంటూ నాసర్ మొహం చూసి ఆగిపోయాడు. "సరేలే. డీజిల్ కోసమేనా?"

"తొమ్మిది కిలోమీటర్లు చుక్క తాగదు," అన్నాడు నాసర్ నేల చూస్తూ. "రోజూ తొమ్మిది కిలోమీటర్లు ఊరికే వస్తోంది. అది వదులుకుంటే ఇంకో ఆరుగుర్ని ఎక్కించాలి. నేను ఎక్కించను."

నవ్వాలో జాలిపడాలో తెలియనట్టుంది లమీన్ వాలకం. లోపలికెళ్లి అరచేయంత పెట్టె ఒకటి తెచ్చాడు. తీగ తీసి స్టీరింగు కింద గుచ్చాడు.

"ఇది చెల్లెమ్మ చేతిలో ఉంటుంది. ఇంజన్ ఈ నిమిషాన ఎంత తాగుతోందో ఇందులో అంకె కనిపిస్తుంది. గుమ్మటం దాకా ఎక్కి మళ్లీ దిగుదాం. తోలేది నువ్వే. నేను చెప్పినట్టు తోలు."

ముగ్గురూ ముందు సీట్లో ఇరుక్కుని కొండెక్కారు. ఎక్కుతుంటే అంకె పైకి పోతోంది. వసీలాకి ఆ అంకెలు చూస్తే గాభరాగా ఉంది, ఎవరి నెత్తురో పారుతున్నట్టు. గుమ్మటం దగ్గర బండి తిప్పారు.

"ముందు న్యూట్రల్‌లో పెట్టు. ఇంజన్ మాత్రం ఆపకు. ఎంతుంది చెల్లెమ్మా?"

"సున్నా పాయింటు ఎనిమిది."

"అంటే తాగుతోంది. ఖాళీగా తిరగడానికి కూడా దానికి కాస్త కావాలి. ఇప్పుడు మూడో గేరు వెయ్యి. యాక్సిలరేటర్ మీంచి కాలు పూర్తిగా తీసెయ్యి."

బండి ఒక్కసారి గొంతెత్తింది. ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టు వేగం తగ్గింది. మలుపు తనంతట తనే నెమ్మదిగా వచ్చింది. నాసర్ బ్రేకు మీద కాలు పెట్టాల్సిన పని కూడా పడలేదు.

"ఇప్పుడు?"

వసీలా పెట్టెని దగ్గరికి తెచ్చుకుంది. తప్పు చదువుతున్నానేమోనని కళ్లు నలుపుకుంది.

"సున్నా."

"ఇంకోసారి చూడు."

"సున్నాయే అన్నయ్యా. కదలడం లేదు."

నాసర్ బండిని పక్కకి తీసి ఆపేశాడు. పెట్టె తన చేతిలోకి తీసుకున్నాడు. మళ్లీ బండి కదిపి, కాలు తీసి, ఒక కన్ను రోడ్డు మీద, ఒక కన్ను పెట్టె మీద వేసి రెండు మలుపులు దిగాడు. మళ్లీ ఆపాడు.

"చక్రాలే ఇంజన్‌ని తిప్పుతున్నాయిరా," అన్నాడు లమీన్. "అప్పుడు దానికి డీజిల్ ఎందుకు? తనే కట్టేసుకుంటుంది. నువ్వు ఇంజన్ ఆపితే వచ్చేదీ సున్నాయే, ఇదీ సున్నాయే. ఆ సున్నాలో బ్రేకు లేదు, ఈ సున్నాలో ఉంది. అంతే తేడా."

"పాత బళ్లకి?"

"ఏ పాత బళ్లు?"

"నాన్న తోలిన పాత బండికి. అందులో పెట్టెలూ గిట్టెలూ లేవు. దానికైనా మిగిలేదా?"

అమోర్ ముసలాయన గొప్పలు లమీన్ కూడా చిన్నప్పటి నుంచి విన్నవాడే.

"దానికీ అంతేరా," అన్నాడు చివరికి. "ఆ పంపు కూడా దిగుడులో తనే కట్టేసుకుంటుంది."

నాసర్ స్టీరింగు మీద నుదురు ఆనించాడు. మగవాళ్ల ముందు ఏడ్చే మనిషి కాడు. ఏడవలేదు కూడా. వీపు మాత్రం రెండుసార్లు కదిలింది. వసీలా చెయ్యి వేద్దామనుకుని, మధ్యలో లమీన్ ఉన్నాడని ఆగిపోయింది. వంద మాటలు అనాలనిపించినా ఆ మనిషి మీద ఆమెకి ఆ క్షణాన జాలే కలిగింది. పన్నెండేళ్లుగా పదహారు ప్రాణాల్ని రోజూ పణం పెట్టి, అందుకు బదులుగా వాడు తెచ్చుకున్నది ఆ పెట్టెలో కనిపించిన సున్నాయే.

"నాన్నకి తెలియకూడదు," అన్నాడు నాసర్ తలెత్తకుండానే. "ఆయనకి మిగిలింది ఆ ఒక్క మాటే."

*

లమీన్‌ని షెడ్డు దగ్గర దింపి తిరిగి ఇంటికి వస్తుంటే దారిలో పడింది అసలు పేచీ.

"మామయ్యకి చెప్పొద్దు, సరే," అంది వసీలా. "ఆడవాళ్లకి చెప్పాలి."

"ఏమని? నేనే చేతులారా ఇంజన్ ఆపి మిమ్మల్ని ముళ్లకంచెలో పడేశానని చెప్పాలా?"

"అవును."

"చెప్పాక ఒక్కత్తె ఎక్కుతుందా?"

"ఎక్కరు."

"ఎక్కకపోతే ఏం చేస్తారు? సల్లూహ్ బండి ఎక్కుతారు. ముప్పై ఐదు మందిలో ముప్పై ఆరో మనిషిగా, నీళ్లలో నిలబడి పోతారు. వాడు దిగుడు ఎలా దిగుతాడో నీకు తెలుసా? నాలాగే దిగుతాడు. ఈ కొండల్లో అందరూ నాలాగే దిగుతారు. ఇవాళ్టి నుంచి గేరులో దిగేది నేనొక్కణ్ణే. వాళ్లకి ఏది మంచిదో నువ్వే చెప్పు."

వాడు చెప్పింది అబద్ధమైతే వసీలా తిట్టేది. అదేమో నిజం. వాడి అవసరానికి అంత చక్కగా అమరిన నిజాన్ని ఏం చెయ్యాలో ఆమెకి తోచలేదు.

ఇల్లు చేరేసరికి ఖమీసా గుమ్మంలో కూర్చుని ఉంది.

ఆ పదహారు మందికీ ఖమీసాయే పెద్ద. యాభై దాటిన మనిషి. ఎవరు ఎక్కడ నిలబడాలో, ఎవరి బిడ్డకి జ్వరమో, ఏ రైతు కూలి ఎగ్గొట్టాడో ఆమెకి తెలియంది లేదు. జన్నత్ ఆమెకి సొంత చెల్లెలు. వసీలా పెళ్లికి ముందు నాలుగేళ్లు మిరప తోటల్లో ఆమె పక్క సాలులోనే కాయ కోసింది. మిరప మంటకి చేతులు భగ్గుమంటే ఆలివ్ నూనె రాసి ఊదింది ఖమీసాయే.

ఇప్పుడు ఆమె ఒళ్లో ఒక గిన్నె ఉంది. నిండా తొక్క వలిచిన నాగజెముడు పళ్లు.

"తినండి. మమ్మల్ని కాపాడిన చెట్టు పళ్లే," అంది. "ఆ కంచె లేకపోతే లోయలో ఉండేవాళ్లం. నా వీపులోంచి మా కోడలు ఇంకా ముళ్లు పీకుతూనే ఉంది. పట్కారుతో పీకుతూ నవ్వుతుంది, సిగ్గులేనిది."

వసీలా నవ్వబోయి నవ్వలేకపోయింది.

"జన్నత్ ఎలా ఉందక్కా?"

"ఎలా ఉంటుంది? కట్టు కట్టారు. బిడ్డని ఎత్తుకోలేక ఏడుస్తుంది. నీ మొగుడు పంపిన పిండీ నూనే అందాయి. వద్దనలేదు. అంత రోషం ఉండే రోజులు కావు." ఆమె నాసర్ వంక చూసింది. "బాబూ, సూటిగా అడగడానికొచ్చాను. రేపటి నుంచి సల్లూహ్ రమ్మంటున్నాడు. మావాళ్లలో సగం మంది సరే అన్నారు. నేనే ఆపాను. ఎనిమిదేళ్లు నీ బండిలో గడ్డి మీద కూర్చుని వెళ్లాం. ఆ రుణం ఒకటి ఉంది. బండి బాగయిందా?"

నాసర్ నోరు తెరిచేలోపు, టీకొట్టు నుంచి వచ్చిన అమోర్ వెనక నుంచి అందుకున్నాడు.

"బాగవ్వకేం? ఇవాళే కొత్త బ్రేకులు వేయించుకొచ్చాడు. నా కొడుకు..."

"పెద్దాయనా, నిన్నడగలేదు," అంది ఖమీసా. గిన్నె పక్కన పెట్టి లేచింది. "నీ కొడుకునీ అడగను. మగాడు తన బండి గురించి, తన మగతనం గురించి నిజం చెప్పడు. వసీలానే అడుగుతున్నాను. ఏమే పిల్లా, ఆ రోజు నువ్వు ముందు కూర్చున్నావు. నీ కళ్లతో చూశావు. పోయింది బ్రేకులేనా?"

మామగారు కర్ర మీద గడ్డం ఆనించి చూస్తున్నాడు. నాసర్ చూడటం లేదు. వాడు జాలీలోంచి ముళ్లు పీకడం మొదలుపెట్టాడు, ఒక్కొక్కటీ, చేతి వేళ్లతో.

చెప్పేద్దామనుకుంది. మాట నాలిక మీదకి వచ్చింది కూడా. అప్పుడు సల్లూహ్ బండి కళ్లముందు కదిలింది. నీళ్లోడుతున్న తొట్టి, అందులో చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డ ఖమీసా. చెబితే వాళ్లు పోయేది అక్కడికే.

"బ్రేకులేనక్కా," అంది. "బాగయ్యాయి. ఇక అలా జరగదు. నాదీ పూచీ."

చివరి రెండు మాటలూ నిజం. వాటినే గట్టిగా పట్టుకుంది వసీలా.

ఖమీసా ఆమె మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత పండొకటి తీసి ఆమె నోట్లో పెట్టింది, పెళ్లికాని పిల్లకి పెట్టినట్టు.

"అయితే రేపు వస్తాం. నీ మాట మీద వస్తాం. ఒక్క షరతు. రేపు నువ్వు ముందు కూర్చోవు. మాతో పాటు తొట్టిలో నిలబడతావు."

"నిలబడతాను," అంది వసీలా.

*

తెల్లవారి మలుపులో పదిహేను మందీ ఉన్నారు. నాసర్ గడ్డి కొత్తది పరిచాడు. ఒక్కొక్కరికీ చెయ్యి అందించి ఎక్కించాడు. ఏనాడూ అంత వినయంగా లేడు. జన్నత్ నిలబడే మూల ఖాళీగా వదిలేశారు. అక్కడ నిలబడమని వసీలాని ఎవరూ అడగలేదు, ఆమే వెళ్లి నిలబడింది.

బయల్దేరేముందు, మలుపు దాకా వెంట వచ్చిన అమోర్ ముసలాయన కర్ర ఊపుతూ కొడుక్కి చెప్పాడు. "గుమ్మటం దాటాక గుర్తుంది కదరా?"

"గుర్తుంది నాన్నా," అన్నాడు నాసర్.

వసీలా ఇనప కడ్డీ గట్టిగా పట్టుకుంది. అయితే వాడు క్యాబిన్ అద్దంలోంచి ఆమె వైపు చూసి అడ్డంగా తల ఊపాడు. మాట మాటే.

గుమ్మటం దాకా అందరూ బిగుసుకుని ఉన్నారు. రొట్టె మూటలు పొట్టకి హత్తుకుని, ఒకరి భుజం ఒకరు పట్టుకుని నిలబడ్డారు. చిన్నవాళ్లలో ఒకామె కళ్లు మూసుకుని ఏదో ప్రార్థన చదువుకుంటోంది. బండి కొండ నెత్తికి చేరింది. గుమ్మటం దాటింది. ఎదురుగా మైదానం, మంచులో ఎర్రగా మిరప తోటలు.

గేరు పడింది. ఇంజన్ గొంతెత్తి అరిచింది.

బండి వేగం తగ్గి, ముసలావిడ మెట్లు దిగినట్టు ఒక్కో అడుగూ చూసుకుని దిగుతోంది. మొదటి మలుపు దాటింది. రెండోది దాటింది. మూడో మలుపులో విరిగిన నాగజెముడు కంచె కనిపించింది. బండి దాని పక్కనుంచి నింపాదిగా తిరిగి ముందుకెళ్లింది. ఎవరో దేవుణ్ణి తలుచుకున్నారు. ఎవరో నవ్వారు. రొట్టె మూట ఒకటి విప్పారు. ఒకామె హరీసా కారం డబ్బా తీసింది.

"అబ్బా, ఏం రొదమ్మా ఇది!" అందొకామె, చెవుల మీద తలగుడ్డ లాక్కుంటూ. "నీ మొగుడు కొత్త బ్రేకులతో పాటు కొత్త గొంతు కూడా వేయించాడా ఏంటి?"

అందరూ నవ్వారు.

"ఈ దిగుడులోనేగా మనం మాట్లాడుకునేది," అంది ఇంకొకామె, అరిచినట్టుగా. "మా పిల్ల సంబంధం ఇక్కడే కుదిరింది. గుమ్మటం దగ్గర మొదలుపెడితే వంతెన దగ్గరికి ఖాయమైంది. ఇవాళ నీ మాట నాకు వినపడదు, నా మాట నీకు వినపడదు."

ఖమీసా నవ్వలేదు.

తొట్టి అంచు పట్టుకుని, తల కొంచెం వంచి, ఆ చప్పుడు వింటోంది. మిరప కోసి కోసి నల్లబడిన వేలితో క్యాబిన్ పైకప్పు మీద తాళం వేస్తున్నట్టు తడుతోంది. తర్వాత వేలు ఆగిపోయింది. జనాన్ని తప్పించుకుంటూ జన్నత్ మూలకి వచ్చి వసీలా ఎదురుగా నిలబడింది.

"వసీలా."

"అక్కా."

"బ్రేకులు బాగైతే బ్రేకులు బాగవ్వాలి. ఇంజన్ ఎందుకు అరుస్తోంది?"

వసీలా మైదానం వైపు చూసింది.

"నన్ను చూడు పిల్లా. ఎనిమిదేళ్లు ఈ దిగుడు దిగాను. గుమ్మటం దాటగానే బండి చప్పుడు చచ్చిపోయేది. గాలి తప్ప ఏమీ వినపడేది కాదు. మేమంతా ఎంత హాయిగా ఉందో అనుకునేవాళ్లం. ఎందుకు చప్పుడు ఉండేది కాదు?"

మిగతావాళ్లకి ఏమీ వినపడటం లేదు. రొట్టె చేతులు మారుతోంది. వసీలాకి మాత్రం ఒక్కో అక్షరం వినపడింది. ఇంకో అబద్ధం దొరుకుతుందేమోనని ఆమె నిజంగానే వెతుక్కుంది. దొరికేదేమో కూడా. కానీ ఎదురుగా ఉన్నది తన చేతికి నూనె రాసి ఊదిన మనిషి.

"తాళంచెవి తిప్పేసేవాడు," అంది. "ఇంజన్ ఆపేసేవాడు. డీజిల్ మిగులుతుందని."

"ఆ రోజు?"

"ఆ రోజు కూడా."

"నీకు తెలుసా?"

"తెలుసు."

ఖమీసా కొట్టలేదు, తిట్టలేదు. పక్కనున్న ఖాళీ జాగాని ఒకసారి చూసింది, చెల్లెలు పట్టుకునే ఇనప కడ్డీని చూసింది. వెనక్కి తిరిగి పిడికిలితో క్యాబిన్ పైకప్పు మీద మూడుసార్లు గట్టిగా బాదింది. బండి ఆపమని ఆడవాళ్లు ఇచ్చే గుర్తు అది.

బండి ఆగింది. ఎంత మెత్తగా ఆగిందంటే కారం డబ్బా కూడా కదల్లేదు.

నాసర్ తలుపు తెరుచుకుని దిగి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. పన్నెండేళ్లలో మొదటిసారి దిగుడు సరిగ్గా దిగిన మనిషి మొహం అది.

"ఏమైంది? ఎవరి తలగుడ్డ ఎగిరిపోయింది?" అని నవ్వుతూ అడిగాడు.

ఖమీసా అప్పటికే వెనక తలుపు గొళ్లెం తీస్తోంది.